ఊర్మిళ ఆమె కథలోకి ఎందుకొచ్చింది? జీవన కథనాల్లో అంతర్‌పాఠ్యతను చదవడం గురించి

మీ ప్రశ్నను మిగతావాళ్ల కోసం ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు జగిత్యాల జిల్లాలో గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల భార్యల జీవన కథనాలు సేకరించారు. ఇంటర్వ్యూల నిండా రామాయణం, సామెతలు, సినిమా మాటలు, సంఘం మీటింగుల్లో విన్న మాటలు ఉన్నాయి. మీ గైడు "ఈ పైపూత తీసేసి అసలు అనుభవం మాత్రం రాయండి" అన్నారు. తీసేస్తే ఆ మనిషే మిగలదేమో అని మీకు అనిపిస్తోంది. ఇంటర్‌టెక్స్చువాలిటీ (అంతర్‌పాఠ్యత, అంటే ఒక పాఠంలో వేరే పాఠాలు కలిసి ఉండటం) గురించి చదివారు గానీ, సాహిత్య విమర్శలోని ఆ పరికరాన్ని ఇంటర్వ్యూ మీద ఎలా వాడాలో, ఎక్కడ ఆపాలో తేలడం లేదు.

తీసేయకండి. అది పైపూత కాదు. ఆమె తన బతుకును మీకు చెప్పగలిగింది ఆ మాటల ఆసరాతోనే. అయితే "రామాయణ ప్రస్తావన ఉంది" అని గుర్తించి ఊరుకుంటే కూడా ప్రయోజనం లేదు. ఎక్కడి నుంచి తెచ్చుకుందన్నది సగం ప్రశ్నే. తెచ్చుకున్నదాన్ని ఎక్కడ వంచింది, ఏది వదిలేసింది, ఎవరికి జవాబుగా వాడింది అన్నది మిగతా సగం. విశ్లేషణంతా ఆ రెండో సగంలోనే ఉంటుంది.

మీరు ఇచ్చిన ముక్కతోనే చూద్దాం.

"అందరు సీత కట్టాలు, సీత కట్టాలు అంటరు. సీతకేమైంది మేడం? మొగని ఎంబడి పోయింది, అడివైతేంది. ఊర్మిళను ఎవ్వలన్న అడిగిండ్రా చెల్లే? గామెకు దేవుడు నిద్రన్న ఇచ్చిండు. నాకు గది సుత ఇయ్యకపాయె. అప్పులోళ్లు తెల్లారకముందే అచ్చి దర్వాజ కొడితె నిద్రెక్కడిది? మొన్న గాయిన అచ్చిండు. చిన్నోడు జూసి 'ఎవలమ్మా గీ అంకుల్' అన్నడు. నేను నవ్విన. నవ్వక ఏం జేత్త."

మొదటి వాక్యంలోనే ఆమె ఒకరితో వాదిస్తోంది. "అందరు అంటరు" అన్నప్పుడు ఆ అందరూ ఎవరు? మీరు కాదు. మీరు సీత మాటే ఎత్తలేదని ట్రాన్‌స్క్రిప్టులో తెలుస్తూనే ఉంది. వాడకట్టులోనో, చుట్టాల్లోనో ఎవరో ఆమెను సీతతో పోల్చారు. ఆ మాటకు ఆమె మీ ముందు జవాబు చెబుతోంది. రష్యన్ పండితుడు మిఖాయిల్ బఖ్తిన్ 1929లో దొస్తాయెవ్‌స్కీ నవలల మీద రాసిన పుస్తకంలో గమనించింది సరిగ్గా ఇలాంటి మాటనే: గదిలో లేని ఇంకో మనిషి మాటకు ఒరుసుకుంటూ నడిచే మాట. సాహిత్య సిద్ధాంతకర్త జూలియా క్రిస్తెవా పారిస్‌లో బఖ్తిన్‌ను పరిచయం చేస్తూ 1967లో అచ్చయిన వ్యాసంలో దీన్నే ఇంకా విస్తరించి ఇంటర్‌టెక్స్చువాలిటీ అన్నది. ఏ రచనైనా అంతకుముందున్న రచనలను పీల్చుకుని, మార్చుకుని తయారయినదేనన్నది ఆమె వాదం. ఆ తర్వాత జనం దాన్ని "ఈ వాక్యం ఫలానా పుస్తకంలోది" అని మూలాలు వెతికే పనిగా కుదించేశారని 1974 నాటికే ఆమె విసుక్కుని, వేరే మాట వాడటం మొదలుపెట్టింది. మీ థీసిస్‌లో సిద్ధాంతం గురించి ఇంతకంటే ఎక్కువ అవసరం లేదు. ఆమె విసుగును మాత్రం గుర్తుపెట్టుకోండి. మూలం దొరికిన చోట ఆగిపోవడమే ఈ పద్ధతిలో అందరూ చేసే పని.

ఇప్పుడు ఊర్మిళ దగ్గరికి వద్దాం. వాల్మీకిలో పెళ్లయ్యాక ఊర్మిళ దాదాపు కనిపించదు. ఆమె నిద్ర అక్కడ లేదు. అది మన రంగనాథ రామాయణంలో ఉంది, ఆడవాళ్ల పాటల్లో మరీ విస్తారంగా ఉంది. పాటలో లక్ష్మణుడు పద్నాలుగేళ్లు మేలుకుని ఉండటానికి అతని వంతు నిద్ర కూడా ఊర్మిళ తీసుకుంటుంది. తిరిగొచ్చాక గదిలోకి వచ్చిన లక్ష్మణుణ్ని ఆమె గుర్తుపట్టదు. పరాయివాడనుకుని భయపడి, పరస్త్రీని ఆశించి చెడిపోయినవాళ్ల కథలు చెప్పి హెచ్చరిస్తుంది. ఈ పాటల గురించి సాహిత్య విమర్శకుడు వెల్చేరు నారాయణరావు 1991లో రాసిన వ్యాసం మీరు తప్పక చదవాలి. మగవాళ్ల రామాయణం ఎక్కడ మౌనంగా ఉందో అక్కడ ఆడవాళ్ల రామాయణం గొంతెత్తుతుందని ఆయన చూపిస్తారు.

పాటలో ఊర్మిళ నిద్ర భర్త కోసం మోసిన బరువు. మీ ఇంటర్వ్యూలో ఆ నిద్ర దేవుడిచ్చిన వరం అయింది. "నిద్రన్న ఇచ్చిండు" అన్నదాంట్లో ఆ "అన్న"ను చూడండి. కనీసం అది దక్కింది కదా అని. పాట త్యాగమన్నదాన్ని ఈమె సుఖమంటోంది. వంపు ఇక్కడుంది. ఎందుకు వంచిందో తర్వాతి వాక్యమే చెబుతుంది: అప్పులవాళ్లు తెల్లారకముందే తలుపు కొడుతున్నారు. రాజుగారి అంతఃపురంలో విరహం ఉంటుంది గానీ అప్పు ఉండదు. ఏజెంటుకు కట్టిన డబ్బు, దాని మీద పెరిగిన వడ్డీ, భర్త లేని ఇంటి గుమ్మంలో నిలబడే మగవాళ్లు, ఇవేవీ పాటలో లేవు. పాట ఇవ్వగలిగినంత తీసుకుని, అది ఎక్కడ చాలలేదో అక్కడ తన బతుకును పెట్టింది. "వలస, రుణభారం, ఒంటరితనం" అని మూడు కోడ్‌లు (విషయ గుర్తులు) రాస్తే ఇది పట్టుబడదు. ఆ మూడూ ఆమెలో ఒకదానికొకటి ఎలా ముడిపడ్డాయో ఊర్మిళే చెబుతోంది: విరహాన్ని ఆమె ఓర్చుకోగలదు, విరహంలో ప్రశాంతంగా ఉండనివ్వని అప్పును ఓర్చుకోలేకపోతోంది.

ఈ పనికి మన అలంకారశాస్త్రంలోనే మంచి కొలమానం ఉంది. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగో ఉద్యోతంలో (అధ్యాయంలో), కవులు ఒకరినొకరు పోలి ఉండటం సహజమేనని ఒప్పుకుని, ఆ పోలికను మూడు రకాలుగా విడదీశాడు. అద్దంలో ప్రతిబింబం లాంటిది ఒకటి, చిత్రపటం లాంటిది ఇంకొకటి. మూడోది ఒకే పోలికలున్న ఇద్దరు మనుషుల లాంటిది, తుల్యదేహి. మొదటి రెంటినీ కవి వదిలేయాలని, మూడోదాన్ని వదలనక్కర్లేదని ఆయన తీర్పు. రూపు పోలినా ప్రాణం వేరు కాబట్టి. ఇది కవిత్వానికి చెప్పిన మాట. ఇంటర్వ్యూలకు తెచ్చినప్పుడు మంచీ చెడూ అన్న తీర్పును పక్కన పెట్టి, విభాగాన్ని మాత్రం తీసుకుంటే చాలా పనికొస్తుంది. ఫ్రెంచి విమర్శకుల పొడవాటి వర్గీకరణల కంటే ఇది నాకు ఎప్పుడూ బాగా ఉపయోగపడింది.

మీ ఇంటర్వ్యూలోనే మూడూ దొరుకుతాయి. ఇంటర్వ్యూ మొదట్లో ఆమె "ఆడోళ్లు తమ కాళ్ల మీద తాము నిలబడాలె, పొదుపు చేసుకోవాలె" అంది కదా, అది అచ్చంగా డ్వాక్రా మీటింగులో విన్న మాట. ప్రతిబింబం. అందులో ఆమె ఇంకా లేదు, ఉన్నా మనకు కనపడదు. భర్త ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు "ఆజాద్ వీసా", "ఖఫీల్", "అకామా", "కల్లివల్లి అయిపోయిండు" అంటుంది (వరసగా: ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చని అమ్మే వీసా, వీసా ఇచ్చిన యజమాని, నివాస అనుమతి, యజమానిని వదిలి కాగితాలు లేకుండా ఉండిపోవడం). ఆ దేశం ఆమె చూడలేదు. ఆ మాటలన్నీ భర్త ఫోన్లో చెప్పినవి, తోటి గల్ఫ్ కుటుంబాల నోట విన్నవి. అతను చెప్పిన కథను ఆమె తిరిగి గీసి చూపిస్తోంది. చిత్రపటం. ఊర్మిళ దగ్గర మాత్రం తుల్యదేహి. మీ సమయమంతా అక్కడ ఖర్చు పెట్టండి. అలాగని ప్రతిబింబాన్ని పారేయకండి. ఆమె మొదటి పావుగంట ఎందుకు సంఘం భాషలో మాట్లాడిందో అడగండి. మీ సమాచార పత్రంలో "వలస కుటుంబాల సమస్యలపై అధ్యయనం" అని ఉంది. కాగితాలు పట్టుకొచ్చి సంతకం అడిగేవాళ్లతో ఏ భాషలో మాట్లాడాలో ఊళ్లో ఆడవాళ్లకు బాగా తెలుసు. మీరు చదివి వినిపించిన ఆ పత్రం కూడా ఆమె కథనంలో ఒక పాఠమే. ఒక పాఠం ఇంకో పాఠాన్ని పేరుతో సహా పిలవడం వేరు, ఒక రంగపు మాట్లాడే తీరే ఇంకో రంగంలోకి వచ్చి కూర్చోవడం వేరు అని భాషావేత్త నార్మన్ ఫెయిర్‌క్లఫ్ 1992లో చేసిన విభజన ఇక్కడ మీకు అక్కరకొస్తుంది. ఊర్మిళ మొదటిది, పొదుపు మాట రెండోది.

ఇంకో చిన్న సంగతి, మీరు గమనించారో లేదో. సీత గురించి అడిగినప్పుడు మీరు "మేడం". ఊర్మిళ గురించి అడిగేసరికి "చెల్లే" అయ్యారు. పాఠం మారిన చోటే వినే మనిషి కూడా మారింది. సంతకం పెట్టించుకున్న మేడానికి ఊర్మిళ కథ చెప్పరు, చెల్లెకు చెబుతారు. శుభ్రమైన ప్రమాణ భాషలోకి తిరగరాసి "మేడం" అని అన్ని చోట్లా సరిచేసి ఉంటే ఇది పోయేది. దయచేసి యాసను యాసగానే ఉంచండి, పిలుపులను కదిలించకండి.

ఇప్పుడు ఎక్కడ ఆగాలన్నది. అంతర్‌పాఠ్యత తెలిసినవాళ్లకు వచ్చే జబ్బు ఏంటంటే, తాము చదివినవన్నీ చెప్పేవాళ్ల నోట్లో వినిపించడం. "నేను నవ్విన, నవ్వక ఏం జేత్త" అన్న చివరి మాట చదవగానే నాకు లక్ష్మణ దేవర నవ్వు పాట గుర్తొచ్చింది. పట్టాభిషేకం వేళ సభలో, పద్నాలుగేళ్ల తర్వాత నిద్ర ముంచుకొస్తే లక్ష్మణుడు నవ్వుతాడు. సభలో ప్రతివాళ్లూ తమను చూసే నవ్వాడని, తమ తమ లోపాలు తలచుకుని కుంగిపోతారు. నిద్ర, నవ్వు, తిరిగొచ్చిన భర్త, అన్నీ ఇక్కడ ఉన్నాయి. పేపరు రాస్తే అందంగా ఉంటుంది. కానీ ఆమె నవ్వును ఆ పాటలోని నవ్వుతో కలిపే ఆధారం ఒక్కటీ లేదు. అది నా అల్మరాలోని పుస్తకం, ఆమె నోట్లోని మాట కాదు. అలాంటివి మీ నోటు పుస్తకంలో రాసుకోండి, అధ్యాయంలోకి రానివ్వకండి.

పిల్లవాడు "ఎవలమ్మా గీ అంకుల్" అన్నది మధ్యస్థమైన సందర్భం. ఊర్మిళ భర్తను గుర్తుపట్టకపోవడం పాటలో ఉంది. ఇక్కడ కొడుకు తండ్రిని గుర్తుపట్టలేదు. ఆమె ఊర్మిళ గురించి మాట్లాడిన వెంటనే ఇది చెప్పింది. పక్కపక్కనే ఉండటం ఆధారమే గానీ బలహీనమైన ఆధారం. ఆమెకు పాటలోని ఆ ఘట్టం తెలుసా? తెలిస్తే, చూపును తల్లి నుంచి కొడుక్కి మార్చడం గొప్ప వంపు అవుతుంది. తెలియకపోతే, మొన్న జరిగింది మొన్నలాగే చెప్పింది, అంతే. ఇది ఆమెను అడిగి తేల్చుకోవాల్సిన విషయం, మీరు ఊహించి తేల్చేది కాదు.

అడిగేటప్పుడు "మీరు ఊర్మిళ పాటను ఉద్దేశించి అన్నారా" అని అడగొద్దు. అలా అడిగితే మర్యాదకు అవునంటారు. "ఊర్మిళ కథ మీకెవరు చెప్పిండ్రు" అని అడగండి. ఇది నా దృష్టిలో ఈ పద్ధతి మొత్తంలో అతి విలువైన ప్రశ్న. అత్త పాడగా వినిందా, భజనలోనా, చిందు యక్షగానంలోనా, 1987లో దూరదర్శన్‌లో మొదలైన రామాయణం సీరియల్ ఊరంతా ఒక టీవీ ముందు కూర్చుని చూసిన రోజుల్లోనా, నిన్నగాక మొన్న వాట్సాప్‌లో వచ్చిన ప్రవచనం వీడియోలోనా? జవాబును బట్టి అర్థం మారుతుంది. అత్త నోట వినుంటే, ఊర్మిళ ఆ ఇంట్లో కోడళ్లకు చెప్పే ఓర్పు పాఠం, ఈమె దాన్ని అత్త మీదికే తిప్పుతోంది. ప్రవచనంలో వినుంటే, పెద్దమనుషులు చెప్పే ఆదర్శ స్త్రీ బొమ్మకు జవాబిస్తోంది. నారాయణరావు చర్చించిన పాటలు ఎక్కువగా బ్రాహ్మణ ఇళ్ల ఆడవాళ్లవి. ఆయన వ్యాసం చదివి, మీ కథకురాలికి అదే పాట అదే రూపంలో తెలుసనుకోవడం కుదరదు. కులం, ఊరు, తరం దాటుతూ కథ మారుతుంది. ఆమెకు అందిన రూపం ఏదో ఆమె చెబితేనే తెలుస్తుంది. వీలైతే ఆ కథంతా చెప్పమని అడిగి రికార్డు చేయండి. ఏ రూపంతో పోల్చి "వంచింది" అంటున్నారో అప్పుడు మీకు గట్టిగా తెలుస్తుంది.

అందుబాటులో ఉండి కూడా ఆమె ముట్టుకోనివి వెతకండి. మీ దగ్గర అదే ఇంట్లో మామగారి ఇంటర్వ్యూ కూడా ఉంది. ఆయన మూడో మాటలోనే "మా బతుకులు బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అన్నాడు. ఉత్తర తెలంగాణలో అది అందరి నోటా ఉన్న మాట, తెలంగాణ ఉద్యమ సభల్లో ఎన్నోసార్లు మోగిన మాట. అందులో సింగరేణికి పోయినవాడు, భీవండికి పోయినవాడు, గల్ఫ్‌కు పోయినవాడు అందరూ ఒకే బారులో నిలబడతారు. కష్టం ఊరిది, నేరం పాలకులది. కోడలు అదే కప్పు కింద ఉంటుంది, ఆ మాట వందసార్లు వినుంటుంది, రెండు గంటల ఇంటర్వ్యూలో ఒక్కసారీ వాడలేదు. ఆ బారులో ఆడవాళ్లకు చోటు లేదు కదా. బొగ్గుబాయికి, బొంబాయికి, దుబాయికి పోయేవాళ్ల గురించే ఆ మాట. వెనక ఉండిపోయినవాళ్ల గురించి చెప్పే కథ ఏదని వెతికితే ఆమెకు ఊర్మిళ దొరికింది. ఇది నా ఊహే అయినా, రెండు ఇంటర్వ్యూలు పక్కపక్కన పెట్టి చూపించగలిగే ఊహ. మీ మిగతా ఇంటర్వ్యూల్లో ఆడవాళ్లు, మగవాళ్లు ఎవరు ఈ మాట వాడారో చూడండి. తేడా నిలబడితే అది మీ థీసిస్‌లో ఒక అధ్యాయానికి సరిపోతుంది. నిలబడకపోతే వదిలేయండి.

సీతను తిరస్కరించడం గురించి కూడా అలాగే. సీతతో పోలికలో కష్టం ఒక్కటే లేదు, పరీక్ష కూడా ఉంది. గల్ఫ్ భార్యల మీద ఊరి చూపు ఎలా ఉంటుందో మీకు నాకంటే బాగా తెలుసు. "నేను సీతను కాను" అనడంలో "నన్ను పరీక్షించే కథలో నేను ఉండను" అన్న అర్థం ఉందా? ఈ ఒక్క ముక్కలో దానికి జవాబు లేదు. కానీ ట్రాన్‌స్క్రిప్టులో ఇంకోచోట "ఫోన్ల మాట్లాడితే ఎవ్వలతోని అంటరు" అంది. రెండు చోట్లా అదే "అంటరు". ఒక పఠనాన్ని నిలబెట్టేవి ఇలాంటివే: ఆమె కథనంలోనే, వేరే సందర్భంలో, మీరు అడగకుండా వచ్చిన ఇంకో మాట.

మీ గైడు చూపించిన తప్పు గురించి. ఒకచోట భర్త వెళ్లి పదకొండేళ్లు అంది, చివర్లో "పద్నాలుగేండ్ల వనవాసం" అంది. విశ్వసనీయత లేదని ఆయన అభ్యంతరం. పదకొండే నిజమని పాస్‌పోర్టు చూసి మీరు తేల్చుకున్నారు, మంచిది, అది రాయండి. తేల్చుకున్నాకే అసలు పని మొదలవుతుంది. ఈ విషయంలో ఆయనకు చూపించడానికి మౌఖిక చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్టెల్లి పని కంటే మంచిది లేదు. ఇటలీలో తెర్ని అనే ఉక్కు పట్టణంలో లూయీజీ త్రస్తుల్లి అనే యువ కార్మికుడు 1949 మార్చి 17న పోలీసుల చేతిలో చనిపోయాడు. ఇటలీ నాటోలో చేరడానికి వ్యతిరేకంగా కార్మికులు బయటికొచ్చిన రోజది. చాలా ఏళ్ల తర్వాత పోర్టెల్లి అడిగితే, ఎంతోమంది కార్మికులు అతను 1953లో, ఫ్యాక్టరీ నుంచి పెద్ద ఎత్తున కార్మికులను తీసేసినప్పుడు జరిగిన వీధి పోరాటాల్లో చనిపోయాడని చెప్పారు. పోర్టెల్లి తేదీని కాగితాలతో సరిచూసి, అది తప్పని రాసి, అంతమంది ఒకే దిక్కుకు ఎందుకు తప్పారని అడిగాడు. దూరదేశపు ఒప్పందం మీద నిరసనలో, అదీ బదులు తీర్చుకోకుండా పోయిన చావు వాళ్లకు మింగుడు పడలేదు. తమ ఉద్యోగాల కోసం, తమ ఊరి కోసం జరిగిన పోరాటంలోకి దాన్ని జరిపితేనే దానికి అర్థం వచ్చింది. మీ ఇంటర్వ్యూలో పదకొండు పద్నాలుగు కావడం అలాంటిదే. రాముడి వనవాసం అంత సంఖ్య పడితేనే ఆమె కాలం ఆమెకు సరిపోయింది. ఇంకోటి కూడా గమనించండి. వనవాసం రాముడిది, సీతది, లక్ష్మణుడిది. ఊర్మిళ అడవికి పోనేలేదు. అయినా ఇంట్లో ఉన్న తన కాలాన్నే వనవాసమంది.

పుస్తకం నుంచో పాట నుంచో కాక సినిమా నుంచి వచ్చినవాటికి జాగ్రత్త ఎక్కువ కావాలి. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడిన ఆస్ట్రేలియా సైనికులను చరిత్రకారుడు అలిస్టెయిర్ థామ్సన్ 1980లలో ఇంటర్వ్యూ చేస్తే, కొందరు 1981లో వచ్చిన గల్లిపోలి సినిమాలోని దృశ్యాలను తమకు జరిగినట్టే చెప్పారు. అబద్ధం చెప్పాలని కాదు. ముసలితనంలో వాళ్ల అనుభవానికి జనం ఒప్పుకునే రూపాన్ని ఆ సినిమా ఇచ్చింది. మీ మగ కథకుల్లో ఎయిర్‌పోర్టు వీడ్కోలు ఘట్టాలు అన్నీ ఒకేలా ఉన్నాయన్నారు కదా, అక్కడ ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

సామెతల విషయంలో ఒక్క మాటే. సగం చెప్పి ఆపిన సామెతను మీరు పూర్తి చేయొద్దు. ఇంకో ఇంటర్వ్యూలో ఒకామె "అత్త కొట్టినందుకు గాదు" అని ఆగిపోయింది. మీరు ట్రాన్‌స్క్రిప్టులో బ్రాకెట్ పెట్టి "తోడికోడలు నవ్వినందుకు" అని చేర్చారు. ఆ మిగతా సగం మీకు తెలుసని ఆమెకు తెలుసు కాబట్టే ఆగింది. తోడికోడలు అదే ఇంట్లో, బహుశా పక్క గదిలో ఉంది కాబట్టి కూడా ఆగి ఉండొచ్చు. ఆ ఆగడాన్ని ఆగినట్టే ఉంచి, మీ నోట్‌లో ఆ సమయానికి ఇంట్లో ఎవరెవరున్నారో రాయండి.

మన దగ్గర ఈ రకం చదువుకు పునాది వేసిన పుస్తకం స్త్రీశక్తి సంఘటన 1986లో వేసిన "మనకు తెలియని మన చరిత్ర". తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల జీవన కథనాలవి. అవే ఏళ్ల గురించి పార్టీ నాయకులు రాసిన చరిత్రలను పక్కన పెట్టుకుని చదవండి. నాయకుల పుస్తకాల్లో దళాలు, గ్రామాలు, తీర్మానాలు ఉంటాయి. ఆడవాళ్ల కథనాల్లో అవీ ఉంటాయి, ఆ భాషా ఉంటుంది, ఎందుకంటే అది వాళ్ల పార్టీ కూడా. కానీ అజ్ఞాతవాసంలో పసిబిడ్డను వదులుకోవాల్సి రావడం, 1951లో పోరాటం విరమించాక ఇంటికి, వంటింటికి తిరిగి పంపబడటం వచ్చేసరికి ఆ భాష చాలదు. అక్కడ మాట నెమ్మదిస్తుంది, తిరిగి మొదలవుతుంది. ఒక గొప్ప ఉద్యమపు కథ నోట్లో పెట్టుకుని, ఆ కథలో చోటు లేని బాధను ఎలా చెబుతారో చూడాలంటే దీనికి మించినది నాకు తెలియదు. మీ పనికి సరైన పెద్దదిక్కు ఇదే, గైడుకు కూడా ముందు దీన్నే చూపించండి. విదేశీ పేర్ల కంటే త్వరగా ఒప్పుకుంటారు.

పని ఎలా సాగించాలంటే: ఎన్‌వివో లాంటి సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు కాబట్టి ముందు ఒక హెచ్చరిక. "రామాయణం" అని కోడ్ పెట్టి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం వృథా. పైగా లైన్ల వారీగా ముక్కలు చేస్తే కథనం చెదిరిపోతుంది. కథనాన్ని మొత్తంగా ఉంచి చదవాలని కథన పరిశోధకురాలు కేథరిన్ రీస్‌మన్ అంత పట్టుబట్టింది అందుకే. మొదట మొత్తం కథనం వినండి, చదవండి. తర్వాత అరువు మాట వచ్చిన ప్రతి చోటా అది కథలో ఏ స్థానంలో ఉందో చూడండి. భాషావేత్త విలియం లబోవ్ మౌఖిక కథనాల్లో "మూల్యాంకనం" అని ఒక భాగాన్ని గుర్తించాడు. జరిగింది చెప్పడం ఆపి, అది ఎందుకు చెప్పదగ్గదో చెప్పే చోటు. అరువు మాటలు చాలావరకు అక్కడే గుంపుగా వస్తాయి. మీ ముక్కలో కూడా అంతే, జరిగింది చెప్పేటప్పుడు ఊర్మిళ లేదు, జరిగినదానికి విలువ కట్టేటప్పుడు వచ్చింది. అక్కడ ఆగి ఒక పేజీ మెమో రాయండి: ఆమెకు ఇది ఎలా అందింది, అందిన రూపం ఏది, ఏం మార్చింది, ఎవరికి జవాబు, ఈ పఠనం తప్పయితే ఏ మాట దాన్ని తప్పని చూపిస్తుంది. ఆ చివరి ప్రశ్నకు జవాబు రాయలేకపోతే ఆ పఠనాన్ని అధ్యాయంలోకి తేకండి. వైవాలో మిమ్మల్ని కాపాడేది అదే.

మీరు ఎక్కడి నుంచి వింటున్నారో కూడా రాయాలి. మీరు నారాయణరావును చదవకపోతే ఊర్మిళ దగ్గర ఆగేవారా? చర్చిలో సాక్ష్యం చెప్పే తీరు మీకు పరిచయం లేకపోతే, మీ క్రైస్తవ కథకురాలు "అప్పుడు ప్రభువు నా కన్నీరు చూసిండు" అన్న చోట కథ రెండుగా విరగడం మీకు తెలియకుండా పోయేది. మీకు తెలియని పాఠాలు ఆ ఇంటర్వ్యూల్లో ఇంకా చాలా ఉంటాయి. మీ కథకుల్లో ముస్లిం స్త్రీలు ముగ్గురున్నారన్నారు. వాళ్ల ట్రాన్‌స్క్రిప్టులను ఉర్దూ, దీనీ (ఇస్లాం మత) సంప్రదాయం తెలిసినవారితో కలిసి కూర్చుని చదవండి. లేకపోతే వాళ్ల కథల్లో అరువు మాటలే లేవన్న తప్పుడు నిర్ణయానికి వస్తారు.

పేర్లు మార్చినంత మాత్రాన గుర్తింపు దాగదు. ఊరి దేవత పేరు, ఆ ఊళ్లోనే ఉన్న మాట, ఒకే కుటుంబం పాడే పాట, ఇవి మనిషిని పట్టిచ్చేస్తాయి. ఊర్మిళ అందరిది కాబట్టి ఇబ్బంది లేదు. రెండో ఇంటర్వ్యూలో ఎల్లమ్మ పట్నం (ఎల్లమ్మకు రంగుల ముగ్గు వేసి చేసే కొలువు) గురించి చెప్పినామె విషయంలో మాత్రం ఏ వివరం ఉంచాలో ఆమెనే అడగండి.

చివరి పనిగా, అధ్యాయం చిత్తుప్రతి తయారయ్యాక ఈ ముక్కను, దాని మీద మీరు రాసినదాన్ని ఆమెకు ఆమె భాషలో చదివి వినిపించండి. అప్పులవాళ్ల గురించి రాసింది ముందు చదవండి, ఎందుకంటే అది బయటికొస్తే ఆమెకు నష్టం జరగొచ్చు. వద్దంటే తీసేయండి. ఊర్మిళ గురించి "గట్ల గాదు" అంటే, ఆమె చెప్పింది, మీరు రాసింది రెండూ అధ్యాయంలో ఉంచండి, మీరెందుకు అలా చదివారో కారణం చెప్పండి. తర్వాత "ఊర్మిళ లేచినంక ఏమైంది" అని అడిగి, రికార్డర్ ఆన్‌లో ఉంచండి. పిల్లవాడి మాట గురించి మీకు కావలసిన ఆధారం ఉంటే గింటే ఆ జవాబులోనే ఉంటుంది.